చప్పుడు

ఎముక విరిగితే ఇంకోలా ఉంటుంది.
ఇది మంచం నులక తెగిన చప్పుడు,
టప్ మని, ఒక్కసారే.
పెరంబూరు రైల్వే కాలనీ కోర్టులో
మూడో క్వార్టరు, ఆరు నిమిషాలు మిగిలుండగా విన్నాను.
జనం వినలేదు. వాళ్లు బంతిని చూస్తున్నారు.

కయల్విళికి ఎవరూ తగల్లేదు.
ఎవరడిగినా ముందు అదే చెబుతాను.
తోసినవాళ్లు లేరు, ఫౌలు లేదు.
రీబౌండుకి ఎగిరింది, బంతి అందుకుంది,
దిగుతూనే ఎడమకి తిరగబోయింది.
పాదం సిమెంటుకి అతుక్కుపోయింది
ఒళ్లు తిరిగిపోయింది
మధ్యలో మోకాలు ఎటు పోవాలో తేల్చుకోలేకపోయింది.

ఇరవై రెండేళ్లుగా విజిలు ఊదుతున్నదాన్ని.
బంతి కొసకి తగిలి కణుపులు ఉబ్బిన వేళ్లు చూశాను.
"లాగేయండి మిస్, సర్దుకుంటుంది" అంటారు పిల్లలు.
లాగనివ్వను. పక్క వేలికి జతకట్టి
ఎక్స్‌రేకి పంపుతాను.
మోచెయ్యి తగిలి చిట్లిన కనుబొమ్మలు,
ఒకరి పాదం మీద ఒకరు దిగి మడతపడ్డ చీలమండలు,
వాటికి లెక్కేలేదు.
కాసిమేడు నించి గోనెసంచిలో ఐసు తెప్పించి
తువ్వాల్లో చుట్టి పెడితే
అమ్మాయిలంతా వంజరం చేప వాసనతో ఇళ్లకి పోయేవాళ్లు.

అసలు మాట చెప్పలేదింకా.
ఆ మ్యాచికి పది రోజుల ముందు
అదే కాలి చీలమండ మడతపడింది దానికి.
నాలుగో రోజుకి వాపు తీసింది, నొప్పి తీయలేదు.
"మెట్లు దిగుతుంటే కాలు వణుకుతోంది మిస్" అంది.
గట్టిగా టేపు చుట్టాను.
"సెమీఫైనల్ అయ్యాక వణకమను" అన్నాను.
నవ్వింది. నేనూ నవ్వాను.
అన్నం తింటుంటే ఇప్పటికీ
పంటికింద పడుతుంది ఆ నవ్వు.

తొడ వెనకాల నించి తీసి
మోకాల్లో కొత్త లిగమెంటు వేశారు.
ఆ తర్వాత అంతా లొరెట్టా మిద్దె మీదే.
గోడకి ఏసు ప్రభువు, పక్కన అస్థిపంజరం.
శుక్రవారం శుక్రవారం దర్జీ టేపుతో తొడ కొలిచేది.
నాలుగు సెంటీమీటర్లు చిక్కింది ఎడమది.
"తలుపు కొత్తది బిగించారు సరే,
కాపలా కండ అలిగి వెళ్లిపోయింది,
బతిమాలి పిలుచుకురావాలి" అనేది.
మొదటి నెలంతా పడుకుని తొడ బిగించడం,
పది లెక్కపెట్టి వదలడం. అంతే.
మూడో నెల ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం.
ఐదో నెల పరుగు, తిన్నగా మాత్రమే.
ఏడో నెల ఏడుపు.
అది చీటీలో ఎవరూ రాయలేదు.

ఆ మిద్దె మీద కూర్చుని నేనూ నేర్చుకున్నాను.
ఇప్పుడు మా పిల్లలు మొదటి పావుగంట బంతి ముట్టరు.
ఒంటికాలి మీద కూర్చుని లేస్తారు,
పెట్టె మీంచి దూకుతారు.
రెండు మోకాళ్లూ దగ్గరై గుసగుసలాడకూడదు,
గోడ దిగే పిల్లిలా దిగాలి.
నేను కళ్లు మూసుకుని వింటాను.
వాన పడితే కోర్టు ఆరేదాకా ఆట లేదు.
తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

నిన్నటికి పది నెలలు.
రింగుకి ఎడమవైపు, ఆ చోటే నిలబడింది కయల్విళి.
రెండుసార్లు అరచేతులు తుడుచుకుంది.
ఎగిరింది.
సరిగ్గా అప్పుడే అరక్కోణం లోకల్
కాలనీనంతా ఊపుకుంటూ పోయింది.
దిగిన చప్పుడు నాకు వినపడలేదు.
"ఇంకొక్కసారి" అన్నాను.

షూ లేసు విప్పుకుంటూ
"ఇవాళ్టికి చాలు మిస్" అంది.

నోటిదాకా వచ్చిన మాటని
విజిలుతో పాటు జేబులో వేసుకున్నాను.